చలికి తట్టుకునే చెట్టు

ఈ రోజు పొద్దున ఖానాపురం హవేలిలోని మా గేటు ముందు చీపుర్లమ్మే ఎల్లమ్మ చాలాసేపు నిలబడిపోయింది. మా స్థలంలోని ఈత చెట్టు ఆకు కోసుకుని ఆమె ఏళ్లుగా చీపుర్లు కట్టేది. ముళ్లు గుచ్చుకుంటున్నాయని పోయిన నెల ఆ చెట్టు కొట్టించి, అదే చోట నర్సరీ నుంచి తెచ్చిన పామ్ మొక్క నాటాను. ఆమెకో మాట చెప్పాలని తోచలేదు.

“దీని ఆకు చీపురుకు వస్తదా మేడమ్?”

“రాదు, అందానికి పెట్టాం. చలికి బాగా తట్టుకుంటుందట.”

“మన ఖమ్మంల చలేడిది?” అని నవ్వింది. ఎండకు మాడిపోకుండా నేను పామ్‌కు కట్టిన పచ్చ వలను తాకి చూసింది. “ఈత చెట్టుకు గిట్ల నీడ ఎవలు కట్టిన్రు మేడమ్?”

వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నేను వల ముడి సరిచేశాను. ఇక ఆకు ఎక్కడ కోస్తావని అడిగాను.

“కుసుమంచి దిక్కు పోవాలె. పోయి వచ్చేసరికే పొద్దు గూకుతది.”

వెళ్తూ ఒక చీపురు నా చేతిలో పెట్టి, “ఇది మీ చెట్టుదే, ఆఖరుది” అంది.

దానితో ఊడవడానికి ఇంకా చేతులు రాలేదు. ఈ గార్డెనింగ్ గ్రూపులో మీరు నాటిన మొక్కల ఫొటోలు రోజూ చూస్తున్నాను. కొట్టించిన చెట్ల పేర్లు కూడా ఎవరైనా చెబుతారా?