మామ బూట్లకు పూసిన నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవ జరిగింది మా మేనమామ కుడికాలికి. అమ్మమ్మ రోజూ సాయంత్రం వేడినీళ్ళలో ఉప్పు కలిపి ఆ కాలు అందులో పెట్టించేది. దారిలో రోకలి అడ్డంగా పడి ఉంటే, ఆ కాలికి తగులుతుందని అందరి మీదా గయ్యిమని లేచేది. ఎడమకాలి సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు. ఒకే మనిషికి ఒక కాలు దేవుడూ, ఇంకొకటి దిక్కులేనిదీ ఏమిటని నాకు నవ్వొచ్చేది.

మాది లక్డారం. మా నాన్న ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పటాన్‌చెరు దగ్గరి ఒక ఫ్యాక్టరీలో మామకు పని దొరికింది ఆ కాలి వల్లే. అప్పట్లో ఫ్యాక్టరీలకు ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. ఒక ఆటలో మోకాలు దెబ్బతిని మామ పరుగెత్తడానికి పనికిరాకుండా పోయాడు. కానీ బంతిని ఒకచోట పెట్టి తన్నమంటే ఆయనంత గురి ఉన్నవాడు ఆ చుట్టుపక్కల లేడు. అందుకని ఆటంతా ఆయన్ని గీత బయట గోనెసంచి మీద కూర్చోబెట్టి, పెనాల్టీ వస్తే మాత్రం లోపలికి పంపేవాళ్ళు. మూడడుగులు వెనక్కి, ఒకటి పక్కకి, ఒక్క తన్ను. మళ్ళీ వచ్చి గోనెసంచి మీద కూర్చునేవాడు. అప్పటి ఆ ఆటల్లో మనుషుల్ని ఎన్నిసార్లైనా మార్చుకోనిచ్చేవాళ్ళు.

ఈమధ్య మా మనవరాలు ఫోన్‌లో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ చూపించింది. అందరూ హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే, ఒక మనిషి నలగని బట్టలతో పక్కన కూర్చున్నాడు. చివర్లో వచ్చి ఒక్కసారి తన్ని వెళ్ళిపోయాడు. “ఈయనకి ఇదే ఉద్యోగమా నానమ్మా!” అని అది నోరు తెరిచింది. నాకు మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు.

మామ ఏళ్ళ తరబడి క్యాజువల్‌గానే పనిచేస్తున్నాడు. పర్మనెంటైతే అమ్మమ్మ ఉబ్బసానికి ఫ్యాక్టరీ ఆసుపత్రిలో వైద్యం చేస్తారు. ఇంట్లో అందరి ఆశా దాని మీదే. ఆ ఏడు ఫ్యాక్టరీల పోటీలో కప్పు గెలిస్తే మామను పర్మనెంట్ చేయిస్తానని ఆటల వ్యవహారం చూసే ఆఫీసరు మాట ఇచ్చాడు. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, మంచివాడే. ఫైనల్ దసరా మర్నాడు పడింది.

దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ చేస్తారు. ఫిట్టర్ పని చేసే నాన్న ఆ రోజు తన పానాలు, సుత్తులు తుడిచి, నూనె పూసి, వరసగా పేర్చి బొట్లు పెట్టేవాడు. అమ్మ కుట్టుమిషన్‌కూ అదే మర్యాద. మామ బూట్లకు అమ్మమ్మ పసుపు కుంకుమ పెట్టి ఊరుకుంది. అన్నిటికీ నూనె పూసి వీటికి పూయకపోవడం నాకు నచ్చలేదు. తొమ్మిదేళ్ళదాన్ని, ఎవరినీ అడిగే అలవాటు లేనిదాన్ని. కుట్టుమిషన్ నూనె డబ్బా ఎత్తుకొచ్చి, బూట్ల పైనా కిందా తళతళలాడేదాకా రుద్దాను. ఎడమదాన్ని ఎవరూ పట్టించుకోరు పాపం అని దానికి ఇంకొంచెం ఎక్కువే పట్టించాను. తర్వాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాను.

ఫైనల్‌కు నాన్న నన్నూ తీసుకెళ్ళాడు. ఆట చెరొక గోలుతో సమానంగా ఉండగా, ముగిసేముందు మాకు పెనాల్టీ వచ్చింది. మామ చెప్పులు విడిచి, సంచిలోంచి బూట్లు తీశాడు. తాళ్ళు కడుతూ ఆగి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను గర్వంగా చెయ్యి ఊపాను. నా వంక ఒక్కసారి చూశాడు. రెఫరీ ఈల వేసి తొందరపెడుతున్నాడు. బూట్లను రెండుసార్లు మట్టికి రాసి లోపలికి నడిచాడు.

మూడడుగులు వెనక్కి, ఒకటి పక్కకి. తన్నేటప్పుడు ఆనుకున్న ఎడమకాలు సర్రున జారింది. బంతి కుడి బూటు అంచుకు తగిలి ఎటో పోయింది. ఆ తర్వాత ఇచ్చిన అదనపు సమయంలో అవతలివాళ్ళు గోలు కొట్టి కప్పు పట్టుకుపోయారు.

ఆఫీసరు గబగబా వచ్చాడు. “కాలు జారినట్టుందే? ఏదీ, ఆ బూట్లిలా ఇవ్వు. పైవాళ్ళకి చూపించి ఏదో ఒకటి సర్దిచెబుతాను” అన్నాడు. మామ అప్పటికే బూట్లు సంచిలో వేసి దాని మూతి బిగించాడు.

“బూట్లు మంచిగనే ఉన్నయ్ సార్. నేనే తప్పు గొట్టిన.”

నాన్న ఎటో వెళ్ళిపోతే నేను మామ సైకిల్ మీదే ఇంటికొచ్చాను. సగం దారిలో ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. ఆయన సైకిల్ ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

“నూనె మట్టికి రాస్తే పోయింది బిడ్డా. గురి నేనే తప్పిన. ఇంట్ల ఇగ ఈ ముచ్చట ఎత్తకు, ఏడ్వకు.”

ఆ గొంతులో కోపం లేదు, లాలన లేదు, ఏమీ లేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. కానీ ఆ మాట నమ్మాను. నమ్మగానే మనసు తేలికపడింది. ఆ పూట రెండుసార్లు అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు మామ ఫస్ట్ షిఫ్టుకు వెళ్ళాడు. జట్టులోకి మళ్ళీ పిలుపు రాలేదు. పర్మనెంట్ కాలేదు. అమ్మమ్మ సర్కారు దవాఖానా వరసల్లో దగ్గుతూ నిలబడేది. వేడినీళ్ళు కాచడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు. చుట్టాలు మామను పిరికోడన్నారు, సమయానికి చేతులెత్తేశాడన్నారు. ఆయన విని, సైకిలెక్కి షిఫ్టుకు పోయేవాడు. బడిలో అడిగినవాళ్ళకు నేనూ “మా మామ గురి తప్పిండు” అనే చెప్పాను.

పెద్దదాన్నయ్యాక ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద సూపర్‌వైజర్‌గా చేశాను. ఒడిశా నుంచి వచ్చిన ఒక కొత్తపిల్ల ఒకరోజు ఒక మందు లేబుళ్ళ చుట్టను పొరపాటున ఇంకో మందుకు ఎక్కించింది. సరుకంతా వెనక్కి వచ్చింది. ఎవరిది ఈ తప్పు అని మేనేజర్ అరిచాడు. “నాదే సార్, నేనే చూసుకోలేదు” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదది, నోట్లోంచి వచ్చేసింది. చేతికి మెమో వచ్చింది, రావలసిన ప్రమోషన్ పోయింది. ఆ పిల్ల బాత్రూమ్ దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది. “నువ్వు ఎక్కించింది సరైనదే బేటా, మిషన్ దగ్గర నేనే పొరపడ్డా” అని హిందీలో చెప్పాను. పచ్చి అబద్ధం. నా గొంతులో కోపం లేదు, లాలన లేదు.

ఆ సాయంత్రం బస్టాపులో నిలబడితే మూడు బస్సులు వెళ్ళిపోయాయి. ఎక్కాలని తోచలేదు. కుట్టుమిషన్ నూనె రెండుసార్లు మట్టికి రాస్తే పోతుందా? అంత చిన్న సంగతి నాకు అన్నేళ్ళూ తట్టలేదు. అప్పటికి మామ పోయి రెండేళ్ళు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, కిష్టారెడ్డిపేటలో ఉంటున్నాను. ఆ ఫైనల్ చూసినవాళ్ళు లక్డారంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళకు మా మామ ఇప్పటికీ కప్పు పోగొట్టినవాడే. వెళ్ళినప్పుడల్లా వాళ్ళ పక్కన కూర్చుని, బూట్లకు నూనె పూసింది నేను, మామ గురి తప్పలేదు అని చెబుతాను. మొన్న ఒక పెద్దాయన “ఇప్పుడు జెప్తే ఏమొస్తదమ్మా?” అన్నాడు. ఏమీ రాదు. ఆయనకు చెవులు సరిగా వినపడవని, ఇంకోసారి గట్టిగా చెప్పి వచ్చాను.