జేబులో మిగిలిన చీల

దేవదానం కాలు తప్పు చేయలేదు. ఈ ఒక్క మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. చెప్పకుండా ఇన్నేళ్లు మోశాను. బరువంటే ఏదో పెద్దది అనుకుంటారేమో. వేలెడంత ఇనుప చీల. చొక్కా మారినప్పుడల్లా అది జేబు మారింది, నన్ను మాత్రం వదల్లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో మేమిద్దరం నందలూరు రైల్వేలో ఉండేవాళ్లం. నేను టికెట్లిచ్చే గుమస్తాను. దేవదానం ఇంజన్ల షెడ్డులో కలాసీ. షెడ్డులోనే ఒకసారి మరుగుతున్న నీళ్లు పడి అతని కుడి పాదం కాలిపోయింది. పుండు మానింది గానీ నడకలో కుంటు మిగిలింది, స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా నెత్తురు చూసి తెలుసుకునేవాడు.

దేశం విడిచిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు తన వైబ్రాఫోన్‌ను, కొన్ని జాజ్ రికార్డులను కాలనీ హాలుకు ఇచ్చిపోయాడు. పొడుగాటి బల్లలాంటి వాయిద్యం అది. పైన లోహపు పలకలు, కింద గొట్టాలు. ఊలు చుట్టిన పుల్లలతో పలకల మీద కొట్టాలి. అడుగున పెడల్ ఉంటుంది. నొక్కితే నాదం నిలుస్తుంది. వదిలితే మెత్తటి పట్టీ ఒకటి పలకలను అదిమి నోరు మూయిస్తుంది. పెడల్‌ను ఆ పట్టీ కడ్డీకి కలిపేదే ఈ చీల.

మధ్యాహ్నాలు ఎండకు ఎవరూ బయటికి రారు. అప్పుడు హాలు మాది. ఆ కంపించే నాదం చివరిదాకా వినపడాలని ఫ్యాను కూడా ఆపేసేవాళ్లం. చెమట పలకల మీద పడేది. రికార్డు పెట్టుకుని, విని, ఆపి, వెతుక్కుంటూ నేర్చుకున్నాం. నేను విన్నది విన్నట్టు వాయించేవాణ్ని. అతను అలా కాదు. చర్చిలో పాడే పాట ఏదో ఎత్తుకుని, నాలుగు స్వరాలు పలికించి, పుల్లలు గాల్లోనే ఆపి వినేవాడు. ఆ నాదం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోయేవాడు. నిన్నటి దారి ఈ రోజు ఉండేది కాదు.

"నీకు తొందరెక్కువప్పా," అని నన్ను ఆటపట్టించేవాడు. "రైలు పోతాండాది అన్నట్టు వాయిస్తావు. టికెట్లు కొట్టి కొట్టి నీ చెయ్యి అట్లయింది."

పాదానికి ఏమీ తెలియదు కాబట్టి పెడల్ ఎంత నొక్కిందీ చెవితోనే పట్టుకునేవాడు. కిందికి వంగి చూసుకోవడం అతనికి చిన్నతనంగా ఉండేది. అందుకని చీల పెట్టడం నా పని. పెట్టి, చేత్తో నొక్కి చూసి, "పట్టింది" అనేవాణ్ని. ఆ మాట వినందే పుల్లలు ఎత్తేవాడు కాదు. ఒక మనిషి మనల్ని అంతగా నమ్మడం ఎంత సుఖమో అప్పుడు నాకు తెలుసా? తెలుసనే అనుకుంటాను. అదే నా బాధ.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు. ఆఫీసులు గుడారాల్లో ఉన్నా, ఆఫీసర్ల క్లబ్బులో సాయంత్రాలు పాటలకు లోటు లేదు. మద్రాసు హోటల్లో బ్యాండు నడిపే ఆయన అక్కడికి వచ్చాడు. వైబ్రాఫోన్ వాయించేవాడు కావాలనీ, మా ఇద్దరినీ విని ఒకరిని తీసుకుంటాననీ కబురు పంపాడు. వాయిద్యాన్ని విడదీసి, చీల నా జేబులో పెట్టుకుని, లారీలో వేసుకుని వెళ్లాం. దారి పొడుగునా దేవదానం వేళ్లు లారీ చెక్క మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ వేళ్లు చూస్తూ కూర్చున్నాను. నన్ను తీసుకోరని నాకు అర్థమైపోయింది.

క్లబ్బులో వాయిద్యం బిగించింది నేనే. చీల పెట్టడం మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మరుపు కాదు. చెయ్యి జేబులోకి పోయింది. చీల వేళ్లకు తగిలింది. చెయ్యి ఉత్తదిగా బయటికి వచ్చింది.

"పట్టిందాప్పా?" అన్నాడు దేవదానం.

"పట్టింది," అన్నాను.

మొదటి దెబ్బకే నాదం చచ్చిపోయింది. మట్టికుండ మీద కొట్టినట్టు టక్కుమంది. అతను ఇంకా గట్టిగా నొక్కాడు. మళ్లీ టక్కు. పెడల్ వదులుగా ఊగుతోందని మరెవరి పాదమైనా చెప్పేది. అతని పాదం చెప్పలేదు. కాలు ఎత్తి ఎత్తి వేశాడు. ఎవరో నవ్వారు. బ్యాండు ఆయన ఆ కుంటి నడకను ముందే చూసి ఉన్నాడేమో, జాలిగా తల ఊపి చాలన్నాడు.

తర్వాత నా వంతు. పెడల్ జరుపుకుంటున్నట్టు వంగి చీల పెట్టేశాను. వాయించాను. బాగానే మోగింది. ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. అతనికి కూడా.

బయట మెట్ల మీద కూర్చుని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని అడిగాడు, "నిజం చెప్పప్పా. నా కాలేనా అట్ల చేసింది?"

నేను ఏమీ అనలేదు. అబద్ధమైనా ఆడలేదు. ఆ మౌనానికి అతను తల ఊపాడు, జవాబు దొరికినట్టు.

వాయిద్యం విప్పేటప్పుడు చీల మళ్లీ నా జేబులోకి వచ్చింది. నేను మద్రాసు పోయాను. దేవదానం మళ్లీ పుల్లలు పట్టుకోలేదని తర్వాత విన్నాను. హోటల్లో ఏళ్ల తరబడి వాయించాను. చప్పట్లు కొట్టారు. కానీ ఫ్యాను ఆపిన ఆ హాలులో, పుల్లలు గాల్లో నిలిపి అతను వింటూ ఉంటే నాకూ వినపడిన ఆ నాదం ఉందే, అది నా చేతికి ఒక్కసారీ రాలేదు. ఎన్నో రాత్రులు దానికోసం వాయించాను. నేను దొంగిలించింది అతని చోటునే గాని, ఆ చోటులో అతను నింపగలిగినదాన్ని కాదు.

మొన్న ఎండాకాలంలో వెళ్లాను. ఒంటిమిట్ట దగ్గర రైలు గేటుకు కాపలా ఉంటున్నాడు. జుట్టు నెరిసింది. "ఏమప్పా, దారి తప్పితివా?" అని నవ్వి మంచం వాల్చాడు. అంతలో గూడ్సు బండి వచ్చింది. అది పోయాక పట్టాలు సన్నగా మోగుతూ ఉన్నాయి. పచ్చజెండా చేతిలో అట్లాగే పట్టుకుని ఆ మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు. చూడలేకపోయాను.

చీల తీసి మంచం మీద పెట్టాను. అంతా చెప్పాను. అతను దాన్ని తాకలేదు. ఒకటే అడిగాడు.

"నువ్వు వాయించేటప్పుడు పెట్టుకుంటివా?"

"పెట్టుకుంటి."

మంచం కిందికి ముడుచుకుని ఉన్న కుడి కాలును మెల్లగా ముందుకు జరిపి, కొత్త మనిషిని చూసినట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అతని ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేదు. నేనూ ఆ పాదాన్నే చూస్తూ అన్నాను.

"అది సరిగ్గానే నొక్కింది, దేవదానం. తప్పు చేసింది నేను. క్షమించు."