మూడో స్విచ్చు

ఎల్లేశం కాక ఇంటికి కొత్తగా ఎవరు వచ్చినా ఒక పని తప్పకుండా చేసేవాళ్ళు. ముందర్రలో, అంటే ముందు గదిలో, నల్ల చెక్కపలక మీద మూడు స్విచ్చులు. ఒకటి నొక్కితే అరుగు మీద బల్బు వెలిగేది, రెండోది నొక్కితే ముందర్ర బల్బు. మూడోది నొక్కితే ఏమీ అయ్యేది కాదు. వచ్చినవాళ్ళు పైకి చూసి, కిందికి చూసి, మళ్ళొకసారి టక్కుమనిపించేవాళ్ళు.

"ఇదెందుకు కాక?"

"పలక గట్లనే దొరికింది బిడ్డ."

తొమ్మిదేండ్లు ఆయన చెప్పిన జవాబు ఇదొక్కటే. నిజానికి ఆ జవాబు కూడా ఆయనది కాదు, వైరింగు చేసిన తోమాసు చెప్పింది. అందులో నిజం ఎంతో తెలిసేసరికి ఇంట్లో ఒకరి కాలు కాలింది.

ఇదంతా కాక నాకు ఒక్క దినంలో చెప్పలేదు. ముందు ఇల్లెట్ల కట్టుకున్నాడో చెప్పాడు, అది ఉత్సాహంగానే. మిగిలింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. నడుమ ఆపి పొగాకు నలుపుకునేవాడు. నలుపుడు అయిపోయినా మాట రాకపోతే, ఆ దినానికి ఇక అంతేనని నేను లేచి వచ్చేవాణ్ణి.

కాకది కాసిపేట దిక్కు చిన్న ఊరు. రెండెకరాల చెలక. వానొస్తే జొన్న, రాకుంటే పస్తు. గోదావరిఖనిలో కొత్త బొగ్గుబాయిలు తోడుతున్నరని విని అరవై రెండులో వచ్చి, తట్టతో బొగ్గెత్తి టబ్బు నింపే పనిలో చేరాడు. అదే బాయిలో తోమాసు ఎలక్ట్రీషను. వాళ్ళ తండ్రి యేసుదానం మందమర్రి బాయిలో పనిచేసి దిగిపోయినవాడు. తాత కాలంలో కిరస్తానం తీసుకున్న కుటుంబం. అంతకు ముందు వాళ్ళు ఏ ఊర్లోనైనా ఊరవతలి వాడోళ్ళే. కాక పుట్టిన ఊర్లో ఆ వాడ మనుషులు వాకిట్లో నిలబడి పిలిచి, వాకిట్లోనే మాట్లాడి పోయేవాళ్ళు. గడప దాటేది లేదు.

బాయి కింద వాకిలి ఎక్కడిది, గడప ఎక్కడిది? పని నడుమ ఇద్దరూ ఒక్క దుంగ మీద కూర్చుని సద్ది విప్పేవాళ్ళు. కాక భార్య పోశవ్వ కట్టిన పుంటికూరలో సగం తోమాసుకే పోయేది.

"అక్కకు చెప్పు బావ, ఇయ్యాల ఉప్పు జర తక్కువైంది" అనేవాడు తోమాసు. ఆ మాట షిఫ్టు దిగినంక పైకొచ్చేది. మరునాడు ఉప్పు సరిగ్గా పడి కిందికి పోయేది. పోశవ్వ ఆ మనిషిని చూడకముందే ఆయన నాలుక ఎసొంటిదో ఎరుగును.

కింద ఇద్దరూ 'బావ' అంటే 'బావ'. పైకొచ్చి నెత్తిమీది బత్తి ల్యాంపురూములో అప్పజెప్పినంక కాక నోట ఆ పిలుపు రాకపోయేది. పైన 'తోమాసు' అనే పిలిచేవాడు. తోమాసు మాత్రం బజార్ల ఎదురైనా "ఏం బావ" అనేవాడు.

"అప్పుడు నేనది ఎరుకల పెట్టుకోలే బిడ్డ" అన్నాడు కాక. "ఇప్పుడు యాది చేసుకుంటె, ఆయన పిలిచినప్పుడల్లా నేను పక్కకు చూసేటోన్ని, ఎవలన్న వింటున్నరా అని."

అరవై ఎనిమిదిలో ఇల్లు మొదలుపెట్టాడు. ఒక అరుగు, ఒక ముందర్ర, వెనక వంటర్ర. డ్యూటీ దిగి స్నానం కూడా చెయ్యకుండా ఇటుకలు మోసేవాడు. పోశవ్వ నీళ్ళు కొట్టేది. మేస్త్రి బిక్షం ఒక్కడే బయటి మనిషి. గోడలు లేచి కప్పు పడేసరికి పుష్యమాసం దగ్గరపడ్డది. పుష్యంలో మంచి దినాలుండవని, గోడలకు ఇంకా సున్నం గచ్చు పడకముందే పాలు పొంగిద్దామనుకున్నారు. కాక తల్లి ఐలవ్వ ఊర్నుంచి వచ్చి వంటర్రలో పొయ్యి పెట్టి, పక్కన గోడలో దేవుని గూడు కుదిర్చి, పాలు పొంగించి, మళ్ళీ మిరప ఏరటానికని ఊరికి మళ్ళింది.

ఆ వారంలోనే వాడకట్టుకు కరెంటు స్తంభాలు వచ్చాయి. వైరింగు నేను చేస్తనని తోమాసే అన్నాడు. అప్పట్లో ఇండ్లల్లో గోడ మీద చెక్కపట్టీలు కొట్టి వాటి మీద వైరు లాగేవాళ్ళు. కాకకు అది నచ్చలేదు.

"ఆఫీసర్ల బంగ్లాలల్ల గోడ మీద వైరే కనవడదట గదా తోమాసు."

"ఓహో! తట్ట మోసే ఆఫీసరు!" అని తోమాసు బిక్షం వైపు చూసి నవ్వాడు. "పట్టీలైతె రెండు దినాల పని బావ. గోడల గాడి తీసి పైపులు పెట్టుడంటె వారం. సరే తియ్, నీ ముచ్చట నేనెందుకు కాదంట? గచ్చు వెయ్యకముందే చెయ్యాలె మరి. గోడ మూసినంక ఏడిస్తె వినేటోడుండడు."

డ్యూటీ దిగి రోజూ వచ్చేవాడు. ఉలితో ఇటుకలో గాడి తీసేవాడు. ఇనుప పైపు కోసిన ప్రతి నోటినీ ఆకురాయితో అరగదీసి, వేలు పెట్టి చూసుకునేవాడు. "ఈ నోరు కత్తి లెక్కుంటది. లోపల వైరు అంగీ చింపుతది. తర్వాత నువ్వు గోడకు ఆనుకున్ననాడు తెలుస్తది." కాకనడిగి పాత సైకిల్ ట్యూబు తెప్పించి సన్నగా చీరి, పైపు నోటి దగ్గరా, అతుకు దగ్గరా, పసిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టేవాడు. దాని మీద నల్ల టేపు. ఎక్కడి వైరు ఎక్కడికి పోయిందో టార్చి బల్బు పెట్టి చూసుకున్నాకే "ఇగ గచ్చు పెట్టు" అని బిక్షానికి చెప్పేవాడు.

అరుగు అయింది. ముందర్ర అయింది. ఐదో దినం సాయంత్రం తోమాసు ముందర్రకూ వంటర్రకూ నడుమనున్న గోడ మీద సుద్దతో గీత గీసి, వంటర్ర గడప దగ్గరికి వచ్చాడు. ఒక కాలు ఎత్తాడు కూడా.

"బావ, వంటర్రల బల్బు ఎక్కడ పెడుదాం? పొయ్యి మీదికా, గంజి వార్చే దిక్కా?"

బిక్షం తాపీ ఆపి చూస్తున్నాడు. కాక గడపకు అడ్డంగా నిలబడ్డాడు. నిలబడాలనుకుని నిలబడలేదనీ, కాళ్ళే పోయి అక్కడ నిలిచాయనీ నాతో అన్నాడు.

"వంటర్రల వద్దు తోమాసు. మా అవ్వ ఒప్పుకోదు. పాలు పొంగిచ్చినం గదా. దేవుని గూడు ఉన్నది లోపల. అక్కడ దీపమే ఉండాలంటది."

తోమాసు ఎత్తిన కాలు దించాడు. "అట్లనా" అన్నాడు. అరచేత్తో సుద్దగీత తుడిచాడు. చెయ్యి తెల్లగయింది.

"సరే బావ. జల్ది పోయి చాయ్ పట్టుకరా. ఈ కొస మూసేస్త."

కాక హోటలుకు పోయి చాయ్ తెచ్చేసరికి గాడి మూసి ఉంది. బిక్షం గచ్చు పెడుతున్నాడు. స్విచ్చుల పలక బిగించి ఉంది, మూడు స్విచ్చులతో. పలక అట్లనే దొరికిందని తోమాసు చెప్పింది అప్పుడే. మరునాడు బాయి కింద తిన్నాక కాక పొగాకు కోసం చెయ్యి చాపితే, తోమాసు జేబులు తడుముకున్నాడు.

"డబ్బ ఎక్కడనో పడ్డది బావ. ఇయ్యాల నీదే తియ్."

ఆ తర్వాత తొమ్మిదేండ్లు ఇద్దరూ అదే దుంగ మీద తిన్నారు. తోమాసు కాక ఇంటికి వస్తే అరుగు మీద కూర్చునేవాడు. వంటర్రలో పోశవ్వ కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని వండేది. అత్త ఒప్పుకోలేదట అని మొగడు చెప్పిన మాటను ఆమె నమ్మింది. రెండేండ్లకు ఐలవ్వ ఊరు విడిచి కొడుకు దగ్గరికే వచ్చింది. పైసలు సరిపోక వంటర్ర వదిలేశారేమో, అడిగితే కొడుకు చిన్నబోతాడని ఆమె అనుకుంది. అదే బుడ్డి చుట్టూ ఇద్దరు ఆడోళ్ళు తిరుగుతూ, మనసులో ఉన్నది పైకి అనకుండా ఏండ్లు గడిపారు.

డెబ్బై ఏడు వానాకాలం. ఐలవ్వకు అప్పటికే కంట్లో పువ్వు. ముసురుపట్టి వంటర్రలో పొద్దుగూకకముందే చీకటి. గంజి వారుస్తుంటే గిన్నె జారి పాదం మీద పడింది. దవాఖానలో కట్టు కట్టించి తీసుకొచ్చి ముందర్రలో పండబెట్టారు. ఆమె బల్బు దిక్కు చూస్తూ అడిగింది.

"అరుగు మీద కుక్కలకు సుత లైటు పెట్టినవు. వంటర్రల ఎందుకు పెట్టలేదురా ఎల్లిగా? పైసలు తక్కువ వడ్డయా?"

పోశవ్వ కట్టు సర్దుతూ ఆగింది. "నువ్వే వద్దన్నవట గదా అత్తా."

"నేనా? నన్నెవ్వలడిగిండ్రు?"

పోశవ్వ మొగని దిక్కు తిరిగింది. కాక నేలను చూస్తున్నాడు. ఎవరు వైరింగు చేశారో, ఆ దినం గడప దగ్గర తానేమన్నాడో, నసుగుతూ అంతా చెప్పాడు. అప్పుడు ఐలవ్వ అన్న మాట కాక నాతో రెండుసార్లు చెప్పాడు. రెండోసారి ఇంకా మెల్లగా.

"అడిగితె వద్దందునేమో. నేనేం పుణ్యాత్మురాలిని గాను. గని ఆ మాట నేననాలె గదరా. నీ నోట్లె మాటకు నా పేరెందుకు పెట్టినవు?"

పోశవ్వ తిట్టలేదు. "తొమ్మిదేండ్లు ఈ ముసలమ్మను మనసుల తిట్టుకున్న" అంది. కట్టు ముడి బిగించి, "నా కూర ఆయన కడుపులకు పోవచ్చు గని ఆయన కాలు నా అర్రలకు రావద్దా? పో, ఆయన్నే పిలువు. వేరేటోడు పెట్టిన లైటు కింద నేను వండ" అంది.

మరునాడు బాయి కింద, సద్ది విప్పకముందే కాక నోరు తెరిచాడు. అక్కడైతే చీకటి. ఎవరి బత్తి వెలుగు వాళ్ళ ముందరే పడుతుంది, మొఖాలు కనబడవు. అందుకే అక్కడ అడుగుదామనుకున్నాడు.

"బావ, మా వంటర్రల..."

తోమాసు ఆపాడు. "వంటర్ర ముచ్చటనా? ఇక్కడ గాదు బావ. పైకెక్కినంక అడుగు."

"అంటే ఆయనకు అన్నీ తెలుసు బిడ్డ" అన్నాడు కాక. "నేను పైన ఎట్ల పిలుస్తనో, కింద ఎట్ల పిలుస్తనో, అన్ని."

షిఫ్టు దిగి ల్యాంపురూము దగ్గర వరుసలో నిలబడ్డారు. ముప్పై మంది ఉన్నారు. అందులో కాక సొంతూరివాళ్ళు ముగ్గురు. తోమాసు బత్తి అప్పజెప్పి పక్కన నిలబడి తువ్వాలతో మొఖం తుడుచుకుంటున్నాడు. పోవటం లేదు. కాక బత్తి అప్పజెప్పి ఆయన దగ్గరికి పోయాడు.

"బావ" అన్నాడు.

"ఏంది? వినవడలే."

"బావా! ఐతారం మా ఇంటికి రావాలె. వంటర్రల లైటు పెట్టాలె. లోపలికొచ్చి పెట్టాలె."

వరుసలో ఎవరో, "ఎల్లన్న, చెల్లెనిచ్చినవా ఏంది తోమాసుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. తోమాసు కూడా నవ్వాడు. కాక సొంతూరోళ్ళలో ఒకడు మాత్రం నవ్వలేదు, ఉమ్మేసి పక్కకు జరిగాడు. కాక అది చూశాడు. తొమ్మిదేండ్లు తాను భయపడ్డది ఆ ఒక్క ఉమ్మికేనా అనిపించిందట.

ఐతారం చర్చి అయినంక తోమాసు తెల్ల అంగీతోనే వచ్చాడు, చేతిలో పనిముట్ల సంచి. వంటర్ర గడప దగ్గర ఆగాడు. లోపల ఐలవ్వ కట్టుకాలు చాపుకుని కూర్చుంది.

"రా బిడ్డ. ఆ దేవుని గూడు మాత్రం ముట్టకు."

"నాకు నా దేవుడున్నడు గదా అవ్వ, నీ దేవునితోని నాకేం పని?" అంటూ గడప దాటాడు. ఐలవ్వ నవ్వింది. మనసులో ఉన్నది ఉన్నట్టు అని, అనిపించుకుని, వాళ్ళిద్దరూ అయిపోగొట్టారు.

తోమాసు కొలతలేమీ తీసుకోలేదు. బాయిలో పైకప్పును కర్ర పెట్టి కొట్టి చూసినట్టు, గోడను వేలిముడితో కొట్టుకుంటూ పోయాడు. ఒక చోట చప్పుడు డొల్లగా వచ్చింది. ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడు. మసిపట్టిన గచ్చు పెళ్ళగా ఊడింది. ఇటుకల నడుమ ఒక రేకు డబ్బ, మూత వంటర్ర దిక్కే. తోమాసు పొగాకు డబ్బ.

మూత తీస్తే లోపల చుట్టచుట్టిన వైరు. పొయ్యి మీదికైనా, గంజి వార్చే దిక్కైనా, ఎటు లాగినా అందేంత పొడవు. కొసలకు సైకిల్ ట్యూబు, దాని మీద నల్ల టేపు. కాక ఇచ్చిన ట్యూబే.

"దొరికింది సూడు బావ డబ్బ" అన్నాడు తోమాసు.

ముందర్రలోకి వచ్చి పలక విప్పాడు. మూడో స్విచ్చు వెనక వైరు కొస టేపు కింద అట్లనే ఉంది. ఎవరైనా తెలియక నొక్కితే ప్రమాదమని అప్పుడు కలపలేదట. ఒక్క మర బిగించాడు. బల్బు వేలాడదీశాడు.

"అక్కా, నువ్వే నొక్కు."

పోశవ్వ నొక్కింది. వంటర్ర మొత్తం ఒక్కసారిగా బయటపడింది. గోడలు నిలువునా మసి. కప్పు నుంచి మసి తీగలు వేలాడుతున్నాయి. పోశవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అయ్యో, గిసొంటి అర్రలనా తమ్మీ నేను నీకు వండి పంపింది!" అంది.

"అందుకేనా అక్కా ఉప్పు కనవడకపోయింది" అన్నాడు తోమాసు.

పోశవ్వ అక్కడే, పొయ్యి పక్కనే పీట వేసింది. తోమాసు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. పుంటికూర వడ్డించింది. ఒక ముద్ద తిని, ఆయన గడప దిక్కు చూశాడు. కాక ఇంకా ముందర్రలోనే నిలబడి ఉన్నాడు.

"ఏం బావ, నువ్వు లోపలికి రావా?"

ఈ మాట దగ్గర కాక చాలాసేపు పొగాకు నలిపాడు. నేను లేవలేదు.

"కాలు లేవలే బిడ్డ" అన్నాడు చివరికి. "నా ఇల్లు, నేను మోసిన ఇటుకలు. ఆయన లోపల కూసొని తింటుండు. నేను ఆ గడప అవతల నిలవడ్డ. తిని, చెయ్యి కడుక్కొని, వచ్చి నా భుజం మీద చెయ్యేసి, పొగాకు పెట్టు బావ అన్నడు."

"పెట్టినవా కాక?"

"పెట్టిన. సగం కింద పడ్డది."