ఎడమచేతికి దొరికిన జాగ

మా డ్రిల్ సారు పోయారన్న కబురు నిన్న పొద్దున కొట్లో గుడ్డ కొలుస్తుండగా తెలిసింది. కొలత మరిచిపోయాను. కొనే మనిషిని అలాగే నిలబెట్టి వీధిలోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఒక్కచోట కూర్చోలేకపోయాను.

కూర్చోలేకపోవడం ఆయన గుణమే. మిషన్ బడి మైదానంలో విజిల్ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ తిరుగుతూనే ఉండేవారు. చాయ్ కూడా నడుస్తూనే తాగేవారు.

నాది ఎడమచేతి వాటం. అందుకు నాన్న చేతిలో చాలా దెబ్బలు తిన్నాను. యుద్ధం రోజులవి, కొత్తవి దొరక్క పగిలిన హాకీ కట్టెలకే దారం చుట్టి ఆడేవాళ్లం. ఏ కట్టెకైనా చదును ఒకవైపే, అదీ కుడిచేతి వాళ్లకే. నేను కొడితే బంతి ఎటో పోయేది.

"వీనికి హాకీ ఎందుకు సార్?" అని జట్టువాళ్లు నవ్వారు.

"ఆగుండ్రి. జర సోంచాయించనీయుండ్రి," అన్నారు సారు.

ఆలోచిస్తూ వారం రోజులు గోలు ముందు రాళ్లు పెట్టి, జరిపి, మళ్లీ పెట్టారు. గోలు దగ్గర ఎదుటివాళ్లు తప్పు చేస్తే దొరికే షార్ట్ కార్నర్‌లో ఒకడు గీత మీది నుంచి బంతి నెడతాడు, ఒకడు దాన్ని చేత్తో ఆపుతాడు, మూడోవాడు కొడతాడు. కుడిచేత్తో ఆపేవాడు వంగితే తలకాయ కొట్టేవాడి కట్టెకు అడ్డం వచ్చేది. నేను బంతికి అవతల నిలబడి ఎడమచేయి చాపితే దారంతా ఖాళీ.

"ఇగో, ఇది నీ జాగ. ఆపు, పక్కకు జరుగు. కొట్టుడు వానికి ఇడిసిపెట్టు," అన్నారు. నా ఎడమచేతిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ ఏటి ఆఖరి ఆట ముగియబోతోంది. ఇరువైపులా గోల్స్ సమానం. మాకు షార్ట్ కార్నర్ దొరికింది. బంతిని ఆపాను. ఎదురుగా గోలు. ఒళ్లు ఆగలేదు. కొట్టేవాడికి అడ్డం దూరి నేనే కొట్టాను, అదీ కట్టె గుండ్రని వైపుతో. ఫౌల్. ఆ బంతి అందుకుని వాళ్లు అటు పోయి గోలు వేసి గెలిచారు.

"రేపు పొద్దుగాల రా బిడ్డా," అన్నారు సారు. సిగ్గుతో పోలేదు. మూడేళ్లు, ఆయన బజారులో కనబడితే కొట్టు వెనక గదిలోకి తప్పుకున్నాను. క్షమించమని ఒక్క మాట అడగలేకపోయాను. ఇక అడగలేను.

నిన్న సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఇప్పటి జట్టు పిల్లలు నా దగ్గరికి వచ్చారు. "ఎడమచేత్తోని బంతి ఆపే అన్నవు నువ్వేనా? నీ లెక్కనే ఆపాలెనని సారు మాకు నేర్పిండ్రు. నీతోనే ఆఖరి ఆట గెలిచినమని చెప్పెటోరు."

చిన్న అబద్ధానికే మా చెవులు మెలిపెట్టిన మనిషి ఆయన.

"ఆ గోలు ఎట్ల పడ్డదో జర చెప్పన్నా," అంటూ పిల్లలు చుట్టూ మూగారు. వాళ్ల వెనక ఇద్దరు కూలీలు గోతిలోకి మట్టి తోస్తూనే ఉన్నారు.