కార్డుకు పెట్టిన బొట్టు

మార్కాపురంలో మొట్టమొదటి కార్డుల ఛాంపియన్‌షిప్ ఈ రోజే జరిగింది. పేకాట కాదు, వింత జంతువుల బొమ్మలున్న కార్డులతో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట. మా మనవరాలు ఇందు ఏడాదిగా దీనికోసమే ఎదురుచూసింది. నాకేమో పిల్లకు దిష్టి తగులుతుందేమో, ఓడిపోయి దిగులు పడుతుందేమో అని ఒకటే గుబులు. పొద్దున అది స్నానానికి పోగానే, దానికి బాగా ఇష్టమైన కార్డు వెనకవైపు పసుపు రాసి బొట్టు పెట్టాను. కొత్త బండికి పెట్టమా, బీరువాకు పెట్టమా!

ఆట మొదలయ్యే ముందు కార్డులు చూసే పెద్దమనిషి ఆ కార్డును పక్కన పెట్టేశాడు.

"ఏంది నాయనా, తీసేసినావు?"

"వెనక గుర్తుంటే ఆడనియ్యరు పెద్దమ్మా. ఏ కార్డు వస్తాదో ముందే తెలిసిపోతాది."

"దేవుని బొట్టు నాయనా అది, దొంగ గుర్తు కాదు!"

ఆయన నవ్వాడే గానీ ఒప్పుకోలేదు. ఇందు వేరే కార్డు పెట్టుకుని ఆడి, మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఇంటికి తిరిగొచ్చే కొమరోలు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "ఈసారి బొట్టు నాకు పెట్టవ్వా, కార్డుకు గాదు" అంది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి సబ్బుతో రుద్దితే ఆ పసుపు ఇంకా ఎర్రబడింది. పిల్ల ఆ ఎరుపు చూడకముందే ఈ మరక పోయే ఉపాయం ఎవరైనా చెప్పండమ్మా.