మామ చేతిలో బద్ద

సొంత అల్లుడు పనిలో చేరినప్పటి నుంచి షెడ్డంతా ఆ ముసలి ఆపరేటర్ని మామ అనే పిలుస్తోంది. చెక్క చెక్కే కంప్యూటర్ మిషన్ పక్కన, చేతిలో టేకు బద్దతో నిలబడి ఉంటాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. గడ్డం గోక్కునేది మాత్రం ఆ చేత్తోనే. స్విచ్ ఆపినా చెక్కను కోసే బిట్టు కాసేపు తిరుగుతూనే ఉంటుందని రోజూ తిట్లు కలిపి చెబుతాడు. ఆ రోజు అల్లుడు మిషన్ ఆపి, ఎవరితోనో నవ్వుతూ, పొట్టు తీయడానికి బిట్టు కిందికి చెయ్యి పోనిచ్చాడు. బద్ద ఫెళ్లుమంది. అల్లుడి మణికట్టు విరిగింది.

"బిట్టు ఆగిపోయింది కదా మామయ్యా!" అని ఏడ్చాడు అల్లుడు.

"ఆగిందని నువ్వు చూశావా?"

"లేదు."

"నేను చూశాను. ఆగాకే కొట్టాను."