మామను కేకేయలేని సెంటర్ ఫార్వర్డ్

గోలు ముందు నా తమ్ముడు ఎత్తిన కాలు దించి పక్కకు జరిగిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది.

అది ప్రాక్టీసే. నేను ఫ్యాక్టరీ గ్రౌండు గట్టు మీద పిల్లలిద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని చూస్తున్నాను. కుడివైపు నుంచి బంతి దొర్లుతూ వచ్చింది. తమ్ముడికీ గోలుకీ మధ్య కీపరు తప్ప ఎవరూ లేరు. వాడు కొట్టడానికి కాలెత్తాడు. అదే బంతి కోసం వెనక నుంచి నా భర్త కూడా పరుగెత్తుకొస్తున్నాడు. ఆ అడుగుల చప్పుడు విన్నాడేమో, తమ్ముడు కాలు దించేసి, బస్సులో పెద్దవాళ్ళకు సీటు ఇచ్చినట్టు పక్కకు జరిగాడు. వాడే కొడతాడనుకుని నా భర్త ఆగిపోయాడు. బంతి ఇద్దరి మధ్యగా నిదానంగా పోయి కీపరు చేతికి చిక్కింది.

ఆటగాళ్ళు నవ్వారు. గట్టు మీదున్న వాళ్ళూ నవ్వారు. కోచ్ నవ్వలేదు, తిట్టనూ లేదు. నోరు తెరిస్తే తిట్టే మనిషి. ఆ రోజు ఇద్దరినీ ఒకసారి చూసి, బూటు కొనతో మట్టి కెలుకుతూ ఉండిపోయాడు. సంబంధం కుదరదని మనసులో తేల్చుకున్నాక పెళ్ళివారు మర్యాదగా కాఫీ తాగుతారే, అలాంటి మౌనం అది. ఈ ఇద్దరిలో ఒకరిని తీసేస్తాడని నాకు అర్థమైంది. తీస్తే ఎవరిని తీస్తాడో కూడా తెలిసిపోయింది.

పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పగలు కుదరదు. కుదిరినా, పగలు నా దిగులంతా పిల్లల చుట్టూనే తిరుగుతుంది. ఎవరు పడ్డారు, ఎవరు తినలేదు, ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉంది అని.

నా భర్త మా అమ్మకు సొంత తమ్ముడు. అక్క కూతుర్ని చేసుకోవడం మా వైపు మామూలే. బి.ఏ. చదివినా, ఇద్దరు పిల్లల తల్లినైనా నేను ఆయనను మామా అనే పిలుస్తాను. నా తమ్ముడికీ ఆయన మామే. దేవనహళ్ళిలో కోట పక్క మైదానానికి వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుపోయి మొదటి బంతి తన్నించింది ఆయనే. అందుకే ఇద్దరి ఆటా ఒకటే, ఇద్దరి చోటూ ఒకటే. ఇద్దరూ సెంటర్ ఫార్వర్డ్‌లే. ఈ పక్క కార్మికుల టీముల్లో వాళ్ళిద్దరి కంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళు లేరని అందరూ అనేవాళ్ళు.

మా కాలనీ కె.ఆర్.పురం దగ్గర. ఫ్యాక్టరీలో ఆయనది పర్మనెంట్ ఉద్యోగం. తమ్ముడిని ఆట కోసమే టెంపరరీగా తీసుకున్నారు. ఆ సీజన్ మ్యాచుల్లో ఆడితే కోచ్ సిఫారసు రాస్తాడు, అప్పుడు పర్మనెంట్ చేస్తారు. బెంచీ మీద కూర్చున్నవాడికి సిఫారసు ఉండదు. వాడు బి.కాం. మధ్యలో మానేసి వచ్చాడు. నాన్న పోయాక అమ్మ దేవనహళ్ళిలో ఒంటరిగా ఉంది. వాడి ఉద్యోగం నిలబడితే ఆమెను ఇక్కడికే తెచ్చుకోవచ్చు. నిలబడకపోతే వాడు వెళ్ళి ఆమె పక్కన ఊరికే కూర్చోవాలి.

అంతకుముందు ఇద్దరికీ చోటుండేది. ముందు వరసలో ఇద్దరు ఫార్వర్డ్‌లు ఆడటం అప్పట్లో అందరి పద్ధతీ. ఎనభైలు మొదలయ్యాక మా కోచ్ ఎక్కడికో శిక్షణకు వెళ్ళి కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చాడు. వెనక నలుగురు, మధ్యలో అయిదుగురు, ముందు ఒక్కడే.

కోచ్ ఆ పద్ధతి చెప్పిన సాయంత్రం నా భర్త దాన్ని నేల మీద పరిచి చూపించాడు. వెనక నాలుగు కాఫీ లోటాలు, మధ్యలో వరసగా అయిదు గిన్నెలు, ముందు ఒక ఇత్తడి చెంబు. రెండో చెంబు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"అది యాడ పెట్టేది నాయనా?" అంది మా పెద్దది.

"అదే తెలీకుండా ఉండాదమ్మా."

కోచ్‌కు ఒక ఉపాయం తోచింది. పడుచువాడు ముందు పరుగెత్తుతాడు, పెద్దవాడు వాడి వెనకనే ఉండి బంతి అందిస్తాడు. వినడానికి బాగానే ఉంది. నా భర్త మాత్రం ఆ రోజు అన్నం దగ్గర గోడకు చెప్పినట్టు "ఇన్నేండ్లు ముందర ఆడినోణ్ణి వెనక్కి పోవాల్నా" అన్నాడు. మళ్ళీ తనే "పోనీలే, పిల్లోని కోసం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ రెండు మ్యాచులు ఆడారు, రెండూ పాడయ్యాయి. అలవాటు కొద్దీ నా భర్త బంతితో పాటు గోలు ముందుకు వచ్చేసేవాడు. ఆయన రాగానే తమ్ముడు దారి ఇచ్చి ఏ మూలకో పోయేవాడు. ఆయన వెనకే ఆగి బంతి పట్టుకుంటే, తమ్ముడు ఎటు పరుగెత్తాడో ఆయనకు తెలిసేది కాదు. తల తిప్పి వెతికేలోగా అవతలి టీమువాడు వచ్చి బంతి లాక్కునేవాడు.

రెండో మ్యాచు తర్వాత కోచ్ మా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండానే కన్నడంలో చెప్పి పోయాడు. ఆదివారం మ్యాచులో ఒక్క సగం చూస్తాడు. కుదరకపోతే ఆ తర్వాత ఒక్కరే ఆడతారు. పెద్దవాడు అనుభవం ఉన్నవాడు, చిన్నవాడు వచ్చే ఏడాది దాకా ఆగాలి. వచ్చే ఏడాది దాకా టెంపరరీవాణ్ణి ఎవరు ఉంచుతారు?

"నేను కూర్చుంటా. వాన్ని ఆడనీ," అన్నాడు నా భర్త, బూట్ల మట్టి రాలుస్తూ.

"మామ కూర్చుంటే నేను బూట్లే ఏసుకోను," అన్నాడు తమ్ముడు.

"ఏసుకోరా, మాట విను."

"లేదు మామా. నీ జాగాలో నేను ఆడితే అమ్మ మొగం యెట్ల చూసేది?"

"సరే అయితే," అన్నాను నేను. "ఇద్దరూ ఒకరికొకరు త్యాగం చేసి ఇంట్లోనే కూర్చోండి. బియ్యంలో రాళ్ళుండాయి, యేరుతురు గాని."

ఇద్దరూ నన్ను చూశారు. నేను నవ్వలేదు. నాకు ఏడుపు వచ్చేలా ఉంది, కానీ ఏడ్చి పడుకుంటే తెల్లారాక కూడా ఇదే గొడవ ఉంటుంది. తప్పు ఎక్కడుందో కనుక్కోవాలి అనుకున్నాను. బంతి తన్నడం రాదు గాని చూడటం వచ్చు కదా.

మరునాడు ప్రాక్టీసుకు పిల్లల్ని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. కళ్ళార్పకుండా చూశాను. ఏమీ అంతుపట్టలేదు. ఇంతలో గాలి లేచి మా చిన్నవాడి కంట్లో ఎర్రమట్టి పడింది. వాడు కన్ను నలుపుకుని గుక్కపెట్టాడు. గ్రౌండుకు వీపు తిప్పి కూర్చుని, వాడి తల ఒళ్ళో పెట్టుకుని, చీరకొంగు ఉండలా చుట్టి నోటి ఆవిరి పట్టి కంటికి అద్దుతూ ఉన్నాను. ఆట చూడటానికి వీల్లేదు. చెవిన పడటమే.

అప్పుడు తెలిసింది, ఫుట్‌బాల్ ఎంత గోల ఆటో. కీపరు అరుస్తున్నాడు. వెనకవాళ్ళు రా రమ్మని కన్నడంలో "బా, బా" అంటున్నారు. "ఇటు ఇటు", "వెనక ఉన్నాడు చూడు", "టైముంది, నిదానం" అని తమిళం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు అన్నీ కలిపి అరుస్తున్నారు. నా భర్త పేరు పెట్టి బంతి అడుగుతున్నారు, ఆయనకంటే చిన్నవాళ్ళు కూడా. అన్ని గొంతులూ వినిపించాయి. నా తమ్ముడి గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినబడలేదు.

వాడు మూగగా పరుగెత్తుతున్నాడు. ఎందుకో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవం. మేనమామను అసలే పిలవం. దూరం నుంచి కేకేయం, దగ్గరికి వెళ్ళి నిలబడతాం. ఆయనే తల తిప్పి "ఏమప్పా?" అని అడిగేదాకా ఆగుతాం. ఆయన చేతిలో ఉన్నది ఇలా ఇవ్వు అని అడగం. అమ్మ మమ్మల్ని అలా పెంచింది. బంతి కావాలంటే కూడా వాడు అలాగే ఖాళీ జాగాలోకి పోయి, మామ తనంతట తాను చూసేదాకా మర్యాదగా నిలబడుతున్నాడు.

ఆ సాయంత్రం ఇంటి వెనక బట్టలారేసే చోట ఇద్దరినీ నిలబెట్టాను. నా భర్తను గోడ వైపు తిరిగి పిల్లల రబ్బరు బంతి కాలి కింద పెట్టుకోమన్నాను. తమ్ముడిని దూరంగా పోయి బంతి అడగమన్నాను.

"ఎట్ల అడిగేది అక్కా?"

"నోటితో."

వాడు గొంతు సవరించుకున్నాడు. "మామా... కొంచెం..."

"కొంచెం ఏమిరా, అప్పు అడుగుతాండావా? గట్టిగా కేకెయ్యి!"

పక్కింటావిడ తీగ మీది దుప్పటి తొలగించి చూసింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి కాస్త గట్టిగా "మామా, ఇక్కడుండా" అన్నాడు. నా భర్త నవ్వుతూ తిరిగి బంతి ఇచ్చాడు.

"నువ్వు నవ్వొద్దు మామా," అన్నాను. "నీ మొగంలో నవ్వు పోతుందేమో అనే వాడు భయపడేది."

ఆ మాట నిజమే అయ్యింది. నవ్వు పోయింది. ఆయన బంతిని పక్కకు తన్ని మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను ఎత్తుకోని తిప్పిన పిల్లోడే. అంతమంది ముందర వాడు నన్ను కేకేసి పని చెప్పల్ల, నేను చెయ్యల్ల. అంతేనా?"

"నువ్వు ఎత్తుకోని తిప్పిన దినాల్లో వాడు ఎట్ల అడుగుతాండె? మర్యాదగా నిలబడుకోనా? ఎత్తుకో అని ఊరంతా వినబడేటట్ల అరుస్తాండె. అప్పుడు నీకు మర్యాద పోలేదే?"

ఇంతకుముందెప్పుడూ నేను ఆయనతో అలా మాట్లాడలేదు. అయినా వెనక్కి తీసుకోదలచుకోలేదు. తమ్ముడు తీగ కింద క్లిప్పు ఒకటి దొరికితే దాన్ని తెరిచి మూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆయనే లేచి వాడి దగ్గరికి పోయాడు.

"రేపు నువ్వు అరవకుంటే బంతి నీకియ్యను. ఖాళీగా ఉన్నా ఇయ్యను. తెలిసెనా?"

"తెలిసె మామా."

"ఏమి తెలిసె? గట్టిగా చెప్పు!"

"తెలిసె!" అని అరిచాడు వాడు. పక్కింటావిడ దుప్పటి మళ్ళీ అడ్డం లాగేసుకుంది.

ఆదివారం అమ్మ పొద్దున బస్సుకే దేవనహళ్ళి నుంచి వచ్చింది. కొడుకూ తమ్ముడూ ఆడే ఆట కదా, జరీ అంచు చీర కట్టుకుని గ్యాలరీలో నా పక్కన కూర్చుంది. మొదట్లో ఏమీ మారలేదు. తమ్ముడి పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. ఖాళీగా ఉన్న వాడికి కాకుండా నా భర్త రెండుసార్లు బంతిని వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. అన్న మాట నిలబెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ మొండితనం చూసి ఒక పక్క కోపం, ఒక పక్క ఆశ. గీత పక్కన కోచ్ చేతులు కట్టుకుని ఉన్నాడు. సగం అయిపోవస్తోంది.

ఎడమ నుంచి బంతి నేలబారుగా గోలు ముందుకు వచ్చింది. పాత అలవాటే, నా భర్త దాని మీదికి దూకాడు. అవతలివాళ్ళు ఇద్దరు ఆయనతో పాటు వచ్చారు. కీపరు కూడా ఆయన వైపే జరిగాడు. ఆయన వెనక, దూరపు గోలు కర్ర దగ్గర తమ్ముడు ఒక్కడే ఉన్నాడు.

"వదులు! రేయ్, వదలరా!"

గ్రౌండంతా వినబడింది. నా భర్త కాలు ఎత్తి బంతిని కింద నుంచి పోనిచ్చాడు. తమ్ముడు దాన్ని ఖాళీ గోల్లోకి కొట్టాడు.

నేను లేచి నిలబడి అరిచాను. అమ్మ లేవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నా తమ్మున్ని రేయ్ అనెనా వాడు? ఇంటికి రానీ, నాలిక్కి వాత పెడతా."

"గోలు కొట్టినాడమ్మా!"

"కొడితే? మామను రేయ్ అనొచ్చునా?"

రెండో సగంలో తమ్ముడి నోరు మూతపడలేదు. ఒకటి అవతలివాళ్ళూ కొట్టారు, మ్యాచు సమానంగా ముగిసింది. అయినా ఆట అయ్యాక కోచ్ ఇద్దరినీ పక్కకు పిలిచాడు. సీజన్ అయ్యేదాకా ఇద్దరూ ఇలాగే ఆడతారని, తమ్ముడి సిఫారసు తను రాస్తానని చెప్పాడు. ఇంటికి వచ్చే దారిలో తమ్ముడు మామకు నాలుగడుగులు వెనకనే నడిచాడు. నా భర్త ఆగి, వాడి మెడ పట్టి ముందుకు లాగి, భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. అమ్మ ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మరునాడు పొద్దున ఉప్పిట్టు వడ్డిస్తున్నాను. నా భర్త పేపరు చదువుతున్నాడు. మా చిన్నవాడు దాన్ని పట్టుకుని లాగుతూ, "రేయ్ నాయనా, వదలరా!" అన్నాడు.

అందరి చేతులూ ఆగిపోయాయి. అమ్మ నా వైపు చూసింది, చూస్తివా అన్నట్టు. తమ్ముడు పళ్ళెంలోకి తల దించేశాడు. పెద్దది మాత్రం నా తమ్ముణ్ణి చూపిస్తూ కోర్టులో అడిగినట్టు అడిగింది. "చిన్నమామ అంటే తప్పు లేదు, వీడంటే తప్పా అమ్మా?"

గరిటె కింద పెట్టి పిల్లల ముందు కూర్చున్నాను. అమ్మకు కూడా వినబడాలని కాస్త గట్టిగానే చెప్పాను.

"గ్రౌండులో సున్నం గీత ఉంటుంది, చూసినారు కదా? దాని లోపల ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు అరవాల. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని చూసుకోకూడదు. చిన్నమామ నిన్న అరవకుంటేనే తప్పు అయ్యుండేది. ఇంట్లో సున్నం గీత లేదు. ఇంట్లో నాయన్ని రేయ్ అంటే వీపు పగులుతుంది."

"మరి ఇంట్లో మాకేమన్నా కావాలంటే?"

"నాయనా అని పిలవండి. వినబడకుంటే ఇంకా గట్టిగా పిలవండి. తల తిప్పేదాకా పిలవండి. మనసులోనే అనుకుంటా పక్కన నిలబడుకోవద్దు."